కుంచము నెవరు పట్టిరి?
ఓరుగంటి సీమలో ధాన్యపు పంపకము: ఒక చారిత్రక పరిశీలనము

రాజుల దండయాత్రలను లెక్కించునంత శ్రద్ధతో మన చరిత్రకారులు ప్రజల గాదెలను లెక్కింపలేదు. శాసనములలో చెఱువుల పేర్లున్నవి, వానిని త్రవ్వించినవారి వంశావళులున్నవి. కాని ఆ చెఱువు క్రింద పండిన గింజ యెవరి యింటికి ఎంత చేరినదను ప్రశ్నకు శాసనము సామాన్యముగా సమాధానము చెప్పదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) యందు ఈ లోటును గుర్తించి, కావ్యములనుండి జనుల తిండితీరులను వెలికి తీసి మనకొక త్రోవ చూపిరి. ఆ త్రోవలో కొంత దూరము నడచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము పరిశీలనమునకు స్వీకరించినది పాత వరంగల్లు జిల్లాలోని మూడు భాగములు. అవి 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అను వేర్వేఱు జిల్లాలుగా ఏర్పడినవి. జనగామ మెట్టసీమ, పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతన పేరుతో ముడివడిన బమ్మెరయు అందలివే. మహబూబాబాదును జనులు నేటికిని మానుకోట యనియే పిలుతురు. అది చెఱువులును తండాలును కలిసిన సీమ. భూపాలపల్లి గోదావరి దెస అడవులను ఆనుకొని, బొగ్గు గనులకు పేరొందినది. మెట్ట, చెఱువు, అడవి అను ఈ మూడు నేలలయందును పేదవానికి గింజ అందుటకై జనులు ఏయే యేర్పాటులు చేసికొనిరి? వానిలో ఏవి నిలిచినవి, ఏవి చెడినవి? ఇదియే మా ప్రశ్న.

మా సిద్ధాంతమును ముందే చెప్పుదుము. ఆహారము అందుబాటు కేవలము పంట సమృద్ధిని బట్టి లేదు. కళ్లములోని రాశిమీద కుంచము పట్టిన చేయి యెవరిదను దానిని బట్టి యున్నది. పంట పండిన యేడును ఈ సీమలో ఆకలి యుండెను. పంట తక్కువైన యేడును కొన్ని యూళ్లు నిలద్రొక్కుకొనెను. ఈ భేదమునకు కారణము పంపకమే.

1. చెఱువు, సత్రము, మేర

కాకతీయులు ఈ సీమకు చేసిన మహోపకారము చెఱువులు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువు గణపతిదేవుని సోదరి మైలాంబ కాలమునాటిది. ఆమె వేయించిన శాసనము కాకతీయ వంశక్రమమును నిర్ణయించుటకు చరిత్రకారులకు ముఖ్యాధారమైనది. భూపాలపల్లి జిల్లాలోని గణపురమున కోటగుళ్లును, గణపసముద్రమును నేటికిని ఆ యుగమునకు సాక్ష్యములు. చెఱువు కట్టిన వారికిని, దానిని బాగుచేయించు వారికిని దశబంధమను మాన్యమునిచ్చు పద్ధతి ఆ కాలమున నుండెను. చెఱువు నీటిని మళ్లకు పంచువానిని తెలంగాణమున నీరడి యందురు. నీటికి పంపకమున్నచోట పంటకు నమ్మకముండును. ఇది మొదటి మెట్టు.

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టు ఏర్పాటును ఆ యుగమున లేకపోలేదు. రుద్రమదేవి కాలపు మల్కాపురశాసనము (1261) కృష్ణాతీరమున విశ్వేశ్వరశంభువు నెలకొల్పిన మఠమునకు అనుబంధముగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము ఉండెనని తెల్పుచున్నది. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఎల్లరకును అన్నము పెట్టవలెనని నియమము. ఇది నిస్సంశయముగా గొప్ప ఆదర్శము. అయినను అది దానము. దాత యుండునంతకాలమే సత్రముండును. తినువానికి దాని నిర్వహణమున మాట లేదు.

ఊళ్లలో దీనికంటె నిత్యమైన యేర్పాటు మేర. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు ఏడాది పొడుగునను రైతునకు పని చేయుదురు. పంట నూర్చిన దినమున కళ్లములోనే వారికి ధాన్యము కొలిచి యిత్తురు. అట్లే కోసిన పొలమున రాలిన వెన్నులను పేదలు ఏరుకొనుట 'పరిగె'. దీనిని అడ్డగించుట తప్పని లోకమర్యాద. ఈ రెండు పదములును నిఘంటువులో చిన్నవి, బ్రతుకులో పెద్దవి. ఏలయనగా వీని మూలమున భూమి లేనివానికి గింజమీద కొంత అధికారము కలిగినది.

ఇంతమాత్రమున ప్రాచీన గ్రామమును స్వర్గమని వర్ణించుట మాకు సమ్మతము కాదు. మేర కులమును బట్టి నిర్ణయమగును; వెట్టి చేయువాని వాటా కడపటిది. పరిగె ఏరుకొనుటకు ముందు పొలము యజమాని దయ కావలెను. ఆచారము హక్కువలె కనబడును గాని, దొర కన్నెఱ్ఱ చేసినప్పుడు అది నిలువదు. ఈ బలహీనత ఇరువదవ శతాబ్దిలో బయటపడినది.

2. నాగు, లెవీ

తెలంగాణపు పల్లెలలో 'నాగు' అను మాట వృద్ధులకు సుపరిచితము. ధాన్యము అప్పుగా నిచ్చి, పంటకాలమున వృద్ధితో ధాన్యముగానే పుచ్చుకొనుట నాగు. వానకాలపు తొలిదినములలో ఇంట గుమ్మి యడుగంటును. విత్తుటకును తినుటకును గింజ లేదు. అప్పుడు పేద రైతు దొర గడీకి పోయి నాగు తెచ్చును. తెచ్చినదానికి సగము కలిపి తిరిగి కొలుచుట సామాన్యమని పెద్దలు చెప్పుదురు. ఇచ్చునప్పటి కుంచమొకటి, పుచ్చుకొనునప్పటి కుంచము మఱియొకటి అను ఎత్తిపొడుపు మాటయు ఈ ప్రాంతమున వినబడును. అది అక్షరాల నిజమైనను కాకున్నను, కొలత యెవరి చేతనున్నదో జనులు బాగుగ నెఱిగియుండిరనుటకు అది చాలును.

రెండవ ప్రపంచయుద్ధము (1939-45) ఈ పరిస్థితిని విషమింపజేసినది. 1942లో జపాను బర్మాను ఆక్రమించుటతో అటనుండి వచ్చు బియ్యము నిలిచిపోయెను. 1943లో వంగదేశమున ఘోరమైన కఱవు సంభవించెను. నిజాము ప్రభుత్వము నగరముల కొఱకును సైన్యము కొఱకును రైతులనుండి నిర్బంధముగా ధాన్యము సేకరింప నారంభించినది. దీనికే లెవీ యని పేరు. సిద్ధాంతరీత్యా లెవీ తప్పు కాదు. కఱవు కాలమున ప్రభుత్వము ధాన్యము సేకరించి పంచుట ధర్మమే. కాని ఊరిలో దానిని వసూలు చేయు అధికారము దేశ్‌ముఖుల, పటేలు పట్వారీల చేతిలో నుండెను. వందల యెకరముల దొర తప్పించుకొనెను. రెండెకరముల రైతు తినుటకు దాచుకొన్న గింజలను సహితము కొలిచి యిచ్చెను. కొలిచి యిచ్చినవాడే మరునాడు అధికధరకు అంగడిలో గింజ కొనవలసివచ్చెను. దాచబడిన దొర ధాన్యము చీకటిబజారునకు చేరెను.

ఇచట గమనింపవలసిన విషయమొకటి కలదు. లెవీ కాలమున ఈ సీమలో గింజ అసలే లేకపోలేదు. ఉన్న గింజ గడీలలో నుండెను. ఆకలికి కారణము అనావృష్టి మాత్రమే కాదను సత్యమును తరువాతి కాలమున అమర్త్యసేన్ వంగదేశపు కఱవును విమర్శించుచు 1981లో శాస్త్రీయముగా ప్రతిపాదించెను. పాలకుర్తి, విసునూరు, కడవెండి గ్రామముల రైతులు ఆ సత్యమును అంతకు మూడున్నర దశాబ్దములకు పూర్వమే అనుభవముచే నెఱిగిరి.

3. సంఘము రాశి కడకు వచ్చుట

1930లో జోగిపేటలో ప్రథమ సభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ, 1944 భువనగిరి సభ తరువాత పల్లెలలో 'సంఘము' అను పేరనే ప్రసిద్ధమైనది. వెట్టిచాకిరి రద్దు, అక్రమలెవీ నిరోధము, బేదఖళ్ల నివారణము దాని కోరికలు. అప్పటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండెను. విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి అధికారము ఆ తాలూకాలోని అనేక గ్రామములపై నెరపబడుచుండెను.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలునకు భూమి తీసికొని సాగు చేసినది. ఒక రజక స్త్రీ సాగుదారు కావచ్చుననుటయే ఆ కాలమున ఒక సాహసము. పండిన పంటను దేశ్‌ముఖు మనుష్యులు కోసికొనిపోవ యత్నింపగా, సంఘపు స్వయంసేవకులు ముందుగనే వచ్చి, పంట కోసి, నూర్చి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. ఈ ఘట్టమును సామాన్యముగా ధైర్యమునకు దృష్టాంతముగా చెప్పుదురు. అది సత్యమే. కాని మా వ్యాసవిషయమునకు సంబంధించినంతవఱకు దాని విశేషము వేఱు. కళ్లములోని రాశి యెవరి యింటికి పోవలెనను నిర్ణయమును ఊరివారందఱు కలిసి చేయుట ఈ సీమ చరిత్రలో అపూర్వము. మేర, పరిగె, సత్రము అను మూడింటియందును గింజ పైనుండి క్రిందికి వచ్చెను. ఐలమ్మ పంటవిషయమున గింజ పండించిన చేతిలోనే నిలిచెను.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. అటుపిమ్మట ఉద్యమము దావానలమువలె వ్యాపించినది. పల్లెలలో దొరల ధాన్యపు కొట్లను తెఱచి పేదలకు పంచిరి. అప్పు పత్రములను తగులబెట్టిరి. నాగు తీసికొనుటకు గడీకి పోవు దారి కొంతకాలము మూతపడెను. సుమారు మూడు వేల గ్రామములలో గ్రామరాజ్యములు ఏర్పడెననియు, పది లక్షల ఎకరముల భూమిని పంచితిమనియు ఉద్యమకారుల లెక్క. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనను సాయుధపోరాటము 1951 అక్టోబరు వఱకు సాగినది.

ఈ పంపకమును విమర్శకుడు వేఱుగ చూడవచ్చును. కొట్టును పగులగొట్టి పంచుట ఒకనాటి పని. పండించి, నిలువచేసి, ప్రతియేడును పంచుట సంస్థ చేయవలసిన పని. దమనకాండ నడుమ అట్టి సంస్థను నిలుపుటకు గ్రామకమిటీలకు వ్యవధి చిక్కలేదు. కనుక ఆ కాలము మనకు మిగిల్చిన వారసత్వము గాదె కాదు, ప్రశ్న. గింజ దయగా రావలెనా, హక్కుగా రావలెనా అను ప్రశ్న.

4. అడవిసీమలో ధాన్యపు బ్యాంకు

మైదానమున పోరాటమునకు బీజములు పడుచున్న కాలముననే అడవిసీమలో మఱియొక యత్నము జరిగినది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ నిజాము ప్రభుత్వమునకు గిరిజనవిషయములలో సలహాదారుగా నుండి, కోయలు, గోండులు, కొండరెడ్లు వడ్డీవ్యాపారుల చేతిలో నలుగుచున్న తీరును 1940 తరువాతి సంవత్సరములలో గ్రంథస్థము చేసెను. వ్యాపారికి బదులుగా ఊరికే ఒక ధాన్యపు నిలువ యుండవలెనను ఆలోచన ఆ కాలపు గిరిజనసంక్షేమ కార్యక్రమములలో కన్పట్టును.

ధాన్యపు బ్యాంకు పద్ధతి సరళమైనది. మొదట ప్రభుత్వముగాని దాతగాని కొంత నిలువ నిచ్చును. లేమికాలమున సభ్యులు అందుండి గింజ తీసికొందురు. పంటకాలమున కొలదిపాటి అదనముతో తిరిగి పోయుదురు. అదనపు గింజ వ్యాపారి యింటికి పోక ఊరి నిలువలోనే చేరును. అనగా ఇది నాగే. నాగులోని వడ్డీని ఊరికి మళ్లించిన నాగు. పాత ఆచారపు దేహమున క్రొత్త ధర్మమును నిలుపుట యిందలి చమత్కారము. భారతప్రభుత్వము 1996-97లో గిరిజనగ్రామముల కొఱకు ధాన్యపు బ్యాంకుల పథకమును ప్రవేశపెట్టినపుడు ఈ పద్ధతినే అనుసరించినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీఫలసాయమును కొని, నిత్యావసరములను తన డిపోలలో అమ్ముట దీనికి తోడ్పాటు.

ఈ పద్ధతికొక లోపమును కలదు. కఱవు వచ్చిన యేడు అందఱును తీసికొందురు, ఎవ్వరును తిరిగి పోయలేరు. ఒక యూరి నిలువ ఒక్క దుర్భిక్షముతో తఱిగిపోవును. కావున ఊరి సహకారము రాజ్యసహాయమునకు ప్రత్యామ్నాయము కానేరదు. రాజ్యసహాయము ఊరి సహకారమునకును ప్రత్యామ్నాయము కాదు. ఒకటి లేనిచో రెండవది కుంటును.

5. చౌకబియ్యము, జొన్న

1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ప్రవేశపెట్టినది. ఈ సీమలోని కూలివాని యింట దినదినమును వరియన్నము ఉడుకుట అప్పటినుండి సర్వసామాన్యమైనది. అంతకు పూర్వము మెట్టసీమలో అన్నము పండుగనాటి వంట; నిత్యాహారము జొన్నగటక, అంబలి, తైదలు, సజ్జలు. ఆకలిని తగ్గించుటలో రెండు రూపాయల బియ్యము చేసిన మేలును తక్కువ చేయుట అన్యాయమగును. దొర గుమ్మి యెదుట నిలువవలసిన యవసరమును అది చాలవఱకు తొలగించినది.

అయినను దాని వెంట ఒక నష్టమును వచ్చినది. అంగట చవకగా బియ్యము దొరకుచుండగా మెట్టరైతు జొన్న విత్తుట కేల? కొంత నేల పత్తికి పోయినది, కొంత బీడువడినది. మెదకు సీమలోని జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ సమస్యను ముందుగా గుర్తించినది. 1983లో స్థాపితమైన ఆ సంస్థకు చెందిన మహిళాసంఘములు 1995 తరువాత బీడుభూములను సాగులోనికి తెచ్చి, పండిన జొన్నలో కొంతభాగమును ఊరి నిధిగా నిలువచేసి, లేమికాలమున పేద కుటుంబములకు చవకధరకు అమ్మిరి. ఎవరు మిక్కిలి పేదలో స్త్రీలే ఊరివారి యెదుట నిర్ణయించి, ఆ వరుసను బట్టి జొన్న కొలిచిరి. కుంచము పట్టిన చేయి ఇచట మొదటిసారి స్త్రీది. అందును పెక్కుమంది దళిత స్త్రీలు. 2019లో ఈ సంఘములకు ఈక్వేటర్ పురస్కారము లభించినది.

జొన్నను గూర్చి మాటలాడునపుడు మఱియొక సత్యమును మఱువరాదు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో, జొన్నమీదనే బ్రతుకు పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కన్పట్టుచున్నదని వెల్లడించిరి. అనగా జొన్న తనంతట అమృతమును కాదు, బియ్యము తనంతట విషమును కాదు. ఏ యొక్క గింజమీదనే బ్రతుకవలసివచ్చినను అది లేమియే. గింజతోపాటు పప్పు, ఆకుకూర, పాలు, చేప, గ్రుడ్డు ఉన్నపుడే అది పుష్టియగును. పాత మెట్టచేలలో జొన్నతో కందియు, పెసరయు కలిపి విత్తుటలోను, చెఱువులోని చేపను ఊరు పంచుకొనుటలోను ఈ వివేకము కలదు.

6. నేటి సంఘములు

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో వేడి మధ్యాహ్నభోజనము ఆరంభమైనపుడు వంటపని పెక్కుచోట్ల మహిళాసంఘములకు అప్పగింపబడినది. ఆ దశాబ్దిలోనే పొదుపు సంఘములవారు కలిసి బియ్యమును టోకున కొని, సభ్యులకు అప్పుగా నిచ్చి, వాయిదాలలో వసూలు చేయు పద్ధతి నడచినది. రైతుల వడ్లను ఊళ్లలోనే తూచి కొను కేంద్రములను ఆ సంఘములే నిర్వహించుట నేడు మనము చూచుచున్నాము. 2015 జనవరి 1న తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి పథకము ఆరంభమై, గర్భిణులకును బాలెంతలకును అంగన్‌వాడీలో ఒకపూట సంపూర్ణ భోజనము లభించుచున్నది.

జనగామ జిల్లా లింగాలఘనపురము మండలములోని ఏనబావి సుమారు ఏబది కుటుంబముల చిన్న పల్లె. రసాయనపు ఎరువులును పురుగుమందులును వాడమని ఊరంతయు కలిసి తీర్మానించుకొని, 2006 నాటికి సేంద్రియ గ్రామముగా పేరొందినది. దాని విశేషము ఎరువులో లేదు, తీర్మానములో నున్నది. ఒక్క రైతు మానిన ప్రయోజనము స్వల్పము. ప్రక్క చేని మందు తన చేనికి వచ్చును. ఊరు కలిసినపుడే అది సాధ్యమైనది. ఐలమ్మ పంటను కోసిన చేతుల కలయికకును ఈ తీర్మానమునకును మధ్య ఆరు దశాబ్దములున్నవి, దారము ఒక్కటియే.

7. ఉపసంహారము

ఇంత చరిత్ర నడచిన పిమ్మట ఫలితమేమి? 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత కలదు. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా అట్టివారే. అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మంది వయసునకు తగిన యెత్తు ఎదుగలేదు. 2013 ఆహారభద్రతాచట్టము గింజను హక్కుగా నంగీకరించినది; 2025 ఉగాదినాడు రాష్ట్రమున రేషనుగా సన్నబియ్యమిచ్చుట ఆరంభమైనది. కడుపు నిండుటకు మార్గమేర్పడినది. పుష్టి కలుగుటకు ఇంకను ఏర్పడలేదు.

దీనికి కారణమును మా సిద్ధాంతము కొంతవఱకు సూచించుచున్నది. గింజమీద హక్కు వచ్చినది గాని, ఏ గింజ పండింపవలెను, ఏ గింజ పంచవలెను అను నిర్ణయము ఇంకను ఊరి చేతికి రాలేదు. కుంచము దొర చేతినుండి జారి ప్రభుత్వపు తూకపుయంత్రమునకు చేరినది. ఆ యంత్రము మోసము చేయకపోవచ్చును. కాని ఈ యూరి పిల్లకు బియ్యము చాలునా, కందిపప్పు కావలెనా అని అది అడుగదు. అడుగగలది సంఘమే.

పరిశోధక విద్యార్థులకు మా మనవి యొక్కటి. నాగు, మేర, పరిగె, గుమ్మి, పాతర, మానెడు, అడ్డెడు, తవ్వెడు వంటి మాటలను ఎఱిగిన తరము తఱిగిపోవుచున్నది. మహిళాసంఘముల తీర్మానపు పుస్తకములు, చౌకధరల దుకాణముల పాత పద్దులు, ధాన్యపు బ్యాంకుల చిట్టాలు చెదలు పట్టుచున్నవి. కావ్యప్రతులను సేకరించిన శ్రద్ధతోనే వీనిని సేకరింపవలసియున్నది. ఒక యూరు ఆకలిని ఎట్లు పంచుకొన్నదో, అన్నమును ఎట్లు పంచుకొన్నదో ఆ పుస్తకములలో నున్నది. వానిని చదువకుండ వ్రాసిన చరిత్ర, గింజను కొలువక రాశిని పొగడిన చందమగును.